ధ్రువ సముద్రపు నీటిలో పచ్చదనం ఎంత? చెప్పేది ఎర్రటి వెలుగు

పాయకరావుపేట: పెంటకోట తీరం నుంచి వేటకు వెళ్లే బోటుకు డీజిలే పెద్ద ఖర్చు. చేప ఎటుందో తెలియక తిరిగి వస్తే ఆ రోజు కూలి కూడా గిట్టదు. అందుకే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఏ దిక్కున, ఎంత దూరంలో చేప దొరికే వీలుందో మత్స్యకారులకు తెలుగులో సమాచారం పంపుతుంది. దానికి ముఖ్య ఆధారాలు రెండు. ఒకటి నీటి వేడి, రెండోది నీటిలోని క్లోరోఫిల్, అంటే మన పాఠాల్లో చదివిన పత్రహరితం. రెండింటినీ ఉపగ్రహమే చూస్తుంది.

సముద్రంలో పత్రహరితం ఉండేది కంటికి ఆనని వృక్ష ప్లవకాల్లో. వాటిని చిన్న పురుగులు, పురుగుల్ని చేపలు తింటాయి. కాబట్టి పచ్చదనం ఎక్కువున్న చోట చేపకు మేత ఎక్కువ.

అయితే ఉపగ్రహం పైనుంచి నీటి రంగు చూసి కట్టేది అంచనానే. దక్షిణ ధ్రువం చుట్టూ అది బాగా తడబడుతుంది. మబ్బులు, మంచు, చలికాలమంతా చీకటి. అక్కడ ఆ అంచనా అసలుకన్నా తక్కువ వస్తోందని కూడా తేలింది. ఓడ మీద వెళ్లి నీళ్లు తోడి కొలవక తప్పదు. కొలవాల్సింది మరీ కొంచెం. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా అక్కడి నీళ్లు పట్టినా, చాలాచోట్ల అందులో పత్రహరితం ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అంత కొంచెం ఎలా దొరుకుతుంది?

దాని గుట్టు ఇంట్లోనే చూడొచ్చు. నాలుగు పాలకూర ఆకులు నలిపి సర్జికల్ స్పిరిట్‌లో కాసేపు నానబెట్టి వడగట్టాలి (పొయ్యికి దూరంగా, పెద్దలు పక్కన ఉండగా). చీకటి గదిలో, దుకాణాల్లో దొంగ నోట్లు పట్టే ఊదా లైటు దాని మీద వేస్తే పచ్చటి రసం ఎర్రగా మెరుస్తుంది. నీలం, ఊదా వెలుగును మింగిన పత్రహరితం అందులో కొంత శక్తిని ఎర్ర వెలుగుగా వదిలేస్తుంది. దీన్నే ఫ్లోరోసెన్స్, ప్రతిదీప్తి అంటారు. ఓడ మీది ఫ్లోరోమీటర్ చేసేదీ ఇదే. నీలి వెలుగు వేసి, తిరిగి వచ్చే ఎరుపును లెక్కబెడుతుంది.

ముందు నీటిని సన్నటి గాజునార కాగితంలో వడకడతారు. ప్లవకాలు కాగితం మీద మిగులుతాయి. ఆ కాగితాన్ని అసిటోన్‌లో వేసి, చలిలో, చీకట్లో దాదాపు ఒక రోజు ఉంచుతారు. వెలుగు తగిలితే పత్రహరితం పాడవుతుంది. వెంటనే కొలవలేకపోతే కాగితాన్ని గడ్డకట్టించి దాస్తారు. మీటరులో ఒకసారి చూశాక చుక్క ఆమ్లం వేసి మళ్లీ చూస్తారు. అంబాడే కా గోష్ వండే ఇళ్లకు ఈ ఆమ్లం సంగతి తెలిసిందే. పచ్చటి గోంగూర ఉడికేసరికి గోధుమ రంగుకు తిరగడం, దాని పులుపు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడదీయడం వల్లే. చచ్చిన ప్లవకాల్లోనూ, పురుగులు తిని వదిలిన వాటిలోనూ పత్రహరితం అప్పటికే అలా చెడిపోయి ఉంటుంది. రెండు కొలతల తేడాతో మంచిది ఎంతో, చెడింది ఎంతో విడిపోతుంది.

ఇంత శ్రమ దేనికి, మీటరునే నేరుగా సముద్రంలోకి దించితే పోదా? దించుతారు కూడా. కానీ బతికున్న ప్లవకం అసిటోన్‌లోని రసంలాంటిది కాదు. ఎండ ఎక్కువైతే అదనపు శక్తిని వేడిగా వదిలేసి ఎర్ర వెలుగు తగ్గించేస్తుంది. మధ్యాహ్నం పైనీటిలో మీటరు తక్కువ చూపిస్తుంది. మన బంగాళాఖాతంలో అయితే రాత్రి దాకా ఆగి కొలవొచ్చు. అంటార్కిటికా నడివేసవిలో రాత్రే ఉండదు. నమాజు వేళలకే లెక్క కట్టుకోవాల్సిన చోటు అది!

ఇంకో చిక్కు ఇనుము. దక్షిణ సముద్రంలో ఇనుము చాలా తక్కువ. ఇనుము అందని ప్లవకం తనలో ఉన్న పత్రహరితానికి మించి మెరుస్తుంది. అందుకే నేరుగా తీసిన లెక్కను వడకట్టిన నీటి లెక్కతో సరిచూడాలి.

ఈ ఇనుము మీదే భారత్, జర్మనీ కలిసి 2009లో లోహాఫెక్స్ అనే ప్రయోగం చేశాయి. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఆ పేరు విప్పి చెప్పనక్కర్లేదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన సయ్యద్ వాజిహ్ అహ్మద్ నఖ్వీ, జర్మన్ సంస్థ తరఫున విక్టర్ స్మెటాచెక్ దీనికి సారథులు. పర్యావరణవాదుల అభ్యంతరాలతో మొదట ఆగి, తర్వాత అనుమతి వచ్చింది. పోలార్‌స్టెర్న్ ఓడ నుంచి దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపారు. రెండు వారాల్లో ప్లవకాలు రెట్టింపయ్యాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అడుగుకు పంపే దారి దొరికిందన్న ఆశ మాత్రం నిలవలేదు. చిన్న పురుగులు వాటిని మేసేశాయి. అడుగుకు చేరింది కొంచెమే.

భారత్ తొలి అంటార్కిటికా యాత్రకు నాయకుడు కూడా సముద్ర జీవశాస్త్రవేత్తే, అలీగఢ్‌లో చదివిన సయ్యద్ జహూర్ ఖాసిం. ఆయన బృందం 1982 జనవరి 9న అక్కడ అడుగుపెట్టింది.

ఇప్పుడు ఫ్లోరోసెన్స్ మీటర్లు మనుషుల్లేని తేలే పరికరాల్లోనూ ఉన్నాయి. నీటిలోకి మునిగి, పైకి తేలి, లెక్కల్ని ఉపగ్రహం ద్వారా పంపుతాయి. బంగాళాఖాతంలోనూ ఇన్‌కాయిస్ వీటిని వదిలింది. పైనీటి రంగు మాత్రమే చూడగల ఉపగ్రహానికి, కిందనున్న పచ్చదనం సంగతి చెప్పేవి అవే.