ట్యాబ్ ఉంటే కంప్యూటర్ అక్కర లేదా?

పదో తరగతి ముగించి ఇంటర్‌లో చేరుతున్న బిడ్డకు ట్యాబ్ కొనాలా, కంప్యూటర్ కొనాలా? నిడమనూరు వంటి మండల కేంద్రాల్లో సేద్యం మీద, చిన్న వ్యాపారం మీద ఆధారపడిన కుటుంబాలకు ఇది తేలికైన ప్రశ్న కాదు. రెండూ కొనగల స్తోమత అందరికీ ఉండదు. ఒకసారి పెట్టిన సొమ్ము కొన్నేళ్లపాటు అక్కరకు రావాలి. అందుచేత ఈ విషయాన్ని నిదానంగా పరిశీలిద్దాం.

చదువుకు ట్యాబ్ చాలుననే ఆలోచన కొత్తది కాదు. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ‘ఆకాశ్’ ట్యాబ్‌ను ఆవిష్కరించింది. దాని విడిభాగాల కూర్పు మన హైదరాబాదులోనే జరిగింది. చవక ధర చూసి అందరూ ఆశపడ్డారు. కానీ తెర వేలికి సరిగా స్పందించక, వేగం చాలక ఆ ఆశ నెరవేరలేదు. తరువాత పరికరాలు ఎంతో మెరుగుపడ్డాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది.

పాఠం వినడానికి, పుస్తకం చదవడానికి, గల్ఫ్‌లో ఉన్న అబ్బాజాన్‌ను తెర మీద చూసి మాట్లాడడానికి ట్యాబ్‌ను మించినది లేదు. కరెంటు పోయినా ఆగదు. చూపు మందగించిన పెద్దలు అక్షరాలను పెద్దవిగా చేసుకొని చదువుకోవచ్చు.

చిక్కంతా పని చేయవలసి వచ్చినప్పుడే. పుటలకొద్దీ టైపు చేయడం తెర మీది అక్షరాలతో సాగదు. తెలుగు ప్రచురణలో వాడే అను ఫాంట్లు, ఉర్దూ పుటల కూర్పుకు వాడే ఇన్‌పేజ్, దుకాణాల లెక్కలు రాసే ట్యాలీ, ఇవన్నీ ప్రధానంగా విండోస్ కంప్యూటర్ కోసం తయారైనవి. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే కొలువు కోరే యువకుడికి ట్యాబ్ మీది సాధన సరిపోదు. ట్యాబ్‌కు కీబోర్డు, మౌస్ జోడిస్తే టైపింగ్ సులువవుతుంది గాని, ఆ ప్రోగ్రాములు అందులోకి రావు.

మరొక సంగతి తల్లిదండ్రులు గమనించాలి. ఇంజనీరింగ్, వైద్య అనుబంధ కోర్సుల ప్రవేశానికి జరిగే ఎంసెట్ (నేటి ఈఏపీసెట్) 2018 నుండి కంప్యూటర్ మీదనే జరుగుతోంది. వేలితో తాకడమే ఎరిగిన బిడ్డ, మౌస్‌ను మొదటిసారి పరీక్ష గదిలో పట్టుకోవలసి వస్తే, తెలిసిన జవాబుకూ తడబడవచ్చు.

మేము చెప్పదలచినది ఇదే: ట్యాబ్ చేసే పనుల్లో అధిక భాగం ఇంట్లో ఉన్న స్మార్ట్‌ఫోన్ ఇప్పటికే చేస్తోంది. కంప్యూటర్ చేసే పనిని మాత్రం ఆ ఫోన్ చేయలేదు. కనుక చిన్నపిల్లలు, పెద్దలు మాత్రమే ఉన్న ఇంటికి ట్యాబ్ చాలు. పదో తరగతి దాటిన బిడ్డ ఉన్న ఇంట్లో ఒక్కటే కొనగలిగితే కంప్యూటరే కొనాలి. వాడిన ల్యాప్‌టాప్ తీసుకునేవారు అది విండోస్ 11కు పనికివస్తుందో లేదో ముందుగా అడగాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

కొన్న కంప్యూటర్‌ను అందరూ కూర్చునే గదిలో ఉంచండి. కొడుకుతో పాటు కూతురికీ దాని ముందు సమానంగా సమయం దక్కనివ్వండి. అప్పుడే ఆ ఖర్చు సార్థకమవుతుంది.