పెట్టె కాలింది... లోపల ఏం మిగిలింది?

కల్వకుర్తి: ఉరుముతోపాటు కరెంటు పోతుంది. తిరిగి వచ్చిన మరుక్షణం దుకాణంలోని కంప్యూటరు పెట్టెలోంచి 'టప్‌'మని చప్పుడు, కాలిన వాసన. ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థి బెంచీ మీదే కూర్చుండిపోతాడు. 2011లో మీసేవ వచ్చాక వానాకాలంలో పల్లెలకూ ఈ దృశ్యం కొత్తకాదు.

"అంతా పోయింది, కొత్తది కొనాల్సిందే" అనే మాట ముందుగా వినిపిస్తుంది. వెంటనే నమ్మనక్కరలేదు.

పెట్టెలో సాధారణంగా మొదటి దెబ్బ తినేది ఎస్‌.ఎం.పి.ఎస్‌. డబ్బా. 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా దించి లోపలి భాగాలకు పంచేది అదే. దానికి పెద్ద గండం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్‌ తీగ తెగడం. అప్పుడు ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటే పక్కింట్లో వోల్టేజి 400 దాకా ఎగబాకవచ్చు. ఒకే రాత్రి వీధిలో నాలుగు టీవీలు కాలాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మొదట ప్లగ్గు పీకాలి. ఎస్‌.ఎం.పి.ఎస్‌. డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. కంప్యూటరు పక్క మూత తీసి మదర్‌బోర్డు మీద నల్లబడిన చోటు, ఉబ్బిన కెపాసిటరు ఉన్నాయేమో చూడాలి. ఏమీ కనపడనంత మాత్రాన బోర్డు బాగున్నట్లు కాదు.

ఆ తర్వాత బాగున్న మరో ఎస్‌.ఎం.పి.ఎస్‌. తెచ్చి, మదర్‌బోర్డు, ప్రాసెసరు, దాని ఫ్యాను, ఒక్క ర్యాము మాత్రమే తగిలించాలి. తెరపై అక్షరాలు వస్తే సగం గండం గడిచినట్లే. ఫ్యాను తిరిగినా తెర నల్లగానే ఉంటే ర్యాము మార్చి చూడాలి. అప్పటికీ రాకుంటే అనుమానం బోర్డు మీదికి పోతుంది. ప్రాసెసరు కాలడం అరుదు.

హార్డుడిస్కును అన్నిటికంటే చివర తగిలించాలి. బోర్డు మరొకటి కొనవచ్చు, అయిదేళ్ల లెక్కలు, పెళ్లి ఫొటోలు కొనలేం. డిస్కు తిరగకపోయినా పారేయవద్దు. చాలా డిస్కుల కింది పచ్చ పలక మీద ఉండే రక్షణ డయోడు తాను కాలి మిగతాదాన్ని కాపాడుతుంది. రాసుకున్నదంతా లోపలి పళ్లాల మీద భద్రంగా ఉండవచ్చు. అదే రకం మరో డిస్కు పలక తెచ్చి బిగిస్తే సాధారణంగా పనిచేయదు. ప్రతి డిస్కు సొంత వివరాలున్న చిప్పునూ పాత పలక నుంచి తీసి అతికించాలి. అది చేయి తిరిగినవారి పని. సికింద్రాబాదు చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ వైపు వెళ్లి విచారించవచ్చు, ఖర్చు ముందే అడిగి.

కొత్త ఎస్‌.ఎం.పి.ఎస్‌. బిగించే ముందు వీధిలో న్యూట్రల్‌ సరిచేశారో లేదో లైన్‌మన్‌ను అడగాలి. లేకుంటే అదీ ఆ సాయంత్రమే 'టప్‌'మంటుంది.