కందులు నిల్వ చేయదలచినవారు వేసుకోవలసిన లెక్క

కంది పంట కల్లానికి చేరగానే రైతు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. సరుకును వెంటనే అమ్మాలా, కొంతకాలం ఆగాలా? జూన్, జూలై నెలల్లో విత్తిన కంది డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య దాదాపు ఒకేసారి యార్డులకు వస్తుంది. తాండూరులోనైనా, కలబురగిలోనైనా, లాతూరులోనైనా రాశులు పడేది అప్పుడే. అప్పులవారు అడిగేదీ అప్పుడే. అందుచేత ధర దిగిన రోజులలోనే ఎక్కువ సరుకు రైతు చేయి దాటుతుంది.

అయితే ఆగిన ప్రతివారికీ లాభం వస్తుందనుకోవడం పొరపాటు. అపరాలను ప్రపంచంలో అత్యధికంగా పండించేది, వినియోగించేది, దిగుమతి చేసుకునేది కూడా మన దేశమే. మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుండి వచ్చే కందులు సైతం మీ యార్డులోని ధరపై ప్రభావం చూపుతాయి.

ఇందుకు దగ్గరి నిదర్శనం 2015-17 నాటి అనుభవం. 2015లో కందిపప్పు చిల్లర ధర కొన్ని నగరాలలో కిలో 200 రూపాయలకు చేరింది. ఆ ధర చూసి మరుసటి ఖరీఫ్‌లో రైతులు కందిని విస్తారంగా వేశారు. వర్షాలూ అనుకూలించాయి. 2015-16లో సుమారు 25 లక్షల టన్నులున్న దిగుబడి 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. అదే సంవత్సరం దాదాపు 66 లక్షల టన్నుల వివిధ అపరాలు దిగుమతి అయ్యాయి. బోనస్‌తో కలిపి 5,050 రూపాయలుగా ఉన్న మద్దతు ధర కంటె అనేక మార్కెట్లలో ధర దిగజారింది. ప్రభుత్వం 2017 మార్చిలో కందులపై 10 శాతం దిగుమతి సుంకం విధించింది. ఆగస్టులో దిగుమతులను ఏడాదికి 2 లక్షల టన్నులకు పరిమితం చేసింది. అప్పటికి కోతలు ముగిసి నెలలు గడిచాయి.

గిడ్డంగి రసీదుపై ఋణం

తక్షణావసరం తీర్చుకుంటూ సరుకును నిలుపుకొనడానికి ఉన్న మార్గం గిడ్డంగి రసీదుపై ఋణం. 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం క్రింద నమోదైన గిడ్డంగి ఇచ్చే బదిలీయోగ్యమైన రసీదుకు విలువ ఎక్కువ. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులకు ఇటువంటి రసీదుపై కోత అనంతరం ఆరు నెలల వరకు వడ్డీ రాయితీకి ఏర్పాటు ఉన్నది. వర్తించే షరతులను మీ శాఖలో విచారించండి.

ఒక ఉదాహరణ చూడండి. 20 క్వింటాళ్ల కందులు, క్వింటాలు ధర 7,000 రూపాయలు అనుకుందాం. సరుకు విలువ 1,40,000 రూపాయలు. అందులో 70 శాతం, అనగా 98,000 రూపాయలు ఋణంగా లభించిందనుకుంటే, 9 శాతం చొప్పున నాలుగు నెలల వడ్డీ 2,940 రూపాయలు. నెలకు క్వింటాలుకు 10 రూపాయల చొప్పున గిడ్డంగి అద్దె 800 రూపాయలు. రెండూ కలిపి క్వింటాలుకు 187 రూపాయలు. తూకంలో నూటికి ఒక వంతు తరుగు పోతే మరో 70 రూపాయలు. అంటే ధర సుమారు 260 రూపాయలు పెరిగిన తరువాతనే మీకు లాభం మొదలవుతుంది. ధర పడిపోతే తగ్గిన విలువ మేరకు కొంత సొమ్ము ముందుగా చెల్లించమని బ్యాంకు కోరవచ్చును.

తడి సరుకును నిల్వకు పంపరాదు. బాగా ఎండబెట్టి, తాలు, మట్టి తీసి పంపాలి. పుచ్చు పట్టిన కందికి ధర పెరిగినా ప్రయోజనం లేదు.

వర్తకులకు

1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం క్రింద ప్రభుత్వం నిల్వ పరిమితులు విధించవచ్చును. 2024 జూన్ 21న కందులు, శనగలపై విధించిన ఉత్తర్వు ప్రకారం టోకు వర్తకునికి ఒక్కొక్క అపరానికి 200 టన్నులు, చిల్లర వర్తకునికి 5 టన్నులు పరిమితి. దిగుమతిదారు కస్టమ్స్ అనుమతి పొందిన తరువాత 45 రోజులకు మించి సరుకు ఉంచరాదు. ఆ ఉత్తర్వు గడువు అదే ఏడాది సెప్టెంబరు 30. ఇటువంటి ఉత్తర్వులు స్వల్ప వ్యవధిలో వస్తాయి, మారుతాయి. 2023లో జూన్‌లో 200 టన్నులున్న టోకు పరిమితి సెప్టెంబరులో 50 టన్నులకు తగ్గింది. బ్యాంకు మంజూరు చేసిన ఋణ పరిమితి ఎంత పెద్దదైనా, చట్టం అనుమతించిన నిల్వను అది పెంచజాలదు. కొనుగోలుకు ముందే అమలులో ఉన్న ఉత్తర్వును తెలుసుకోండి.

రైతులకు

2025-26 ఖరీఫ్ కందికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఈ ధరకు ప్రైవేటు వర్తకుడు కొని తీరాలన్న నిర్బంధం లేదు. ఈ ధర దక్కాలంటే ప్రభుత్వ సంస్థల కొనుగోలు కేంద్రానికి నాణ్యమైన సరుకు తీసుకువెళ్లాలి, ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. నాఫెడ్ వంటి సంస్థలకు కందులు అమ్మేందుకు 2024 జనవరిలో ఈ-సమృద్ధి పోర్టల్ ప్రారంభమైనది.

కనుక పంట మొత్తాన్ని ఒకే నిర్ణయానికి ఒడ్డకండి. అత్యవసర బాకీలకు సరిపడా అమ్మి, మిగిలినదానిని మాత్రమే నిల్వ చేయండి. ఏ ధర వస్తే అమ్మాలో, ఏ తేదీ దాటి ఆగరాదో ముందే నిశ్చయించుకొని కాగితంపై వ్రాసి ఉంచుకోండి.