బొగ్గు బండికి దారుంది, ఎడ్లబండికేది?

లక్సెట్టిపేటకు రైలు లేదు, మంచిర్యాల పోవాల్సిందే. కాని గోదావరి అవతల రామగుండంలో, సింగరేణి గనుల నుండి ఎన్‌టీపీసీకి బొగ్గు మోయడానికి ప్రత్యేకంగా పట్టాలే ఉన్నాయి.

పట్టాలు పడితే చేను రెండు ముక్కలు. ఎడ్లబండి, కాలువ నీళ్లు ఎట్లా దాటాలె? 1989 రైల్వే చట్టం 16వ సెక్షను ప్రకారం రైల్వేవారే దారులు, తూములు కట్టాలె. లైను తెరిచి పదేండ్లు దాటితే, కొత్తవి మన ఖర్చుతోనే! పైగా ఆ చట్టంలో 'రైల్వే' అంటే ప్రజల ప్రయాణానికి, సరుకులకు నడిచేదే. సొంత బొగ్గుకే లైను వేసుకున్న కంపెనీ తప్పుకునే సందు ఇదే.

రైతుకు పరిహారమన్నా వస్తది. చేను బీడైతే కూలీకేమొస్తది? అందుకే మేము చెప్పేదొక్కటే: సర్వే రాళ్లు పాతిననాడే బండిదారి, తూము కాగితం మీద రాయించుకోవాలె. రైతు, కూలీ కలిసి అడగాలె.