టైరు మారినచో స్పీడోమీటరు లెక్క మారును

పంటను మార్కెట్టునకు చేర్చుటకు సొంత లారీ ఉంచుకొన్న రైతులు కొందరు, పాత టైర్లు అరిగినపుడు అంతకంటె పెద్ద టైర్లు వేయించుచుందురు. డీజిలు పొదుపునకై వెనుక ఇరుసులోని పళ్లచక్రములను మార్పించువారును కలరు. ఇందువలన స్పీడోమీటరు చూపు వేగమునకు, బండి నిజముగా పోవు వేగమునకు భేదమేర్పడును.

కారణమేమి?

స్పీడోమీటరు రోడ్డును కొలవదు. పలు లారీలలో అది గేరుపెట్టె నుండి వెనుక ఇరుసునకు పోవు షాఫ్టు చుట్లను లెక్కించును. ఇన్ని చుట్లకు బండి ఇంత దూరము పోవునని తయారు చేయునపుడే లెక్కకట్టి యుందురు. ఆ లెక్కకు ఆధారము పాత టైరు చుట్టుకొలత, పాత ఇరుసు నిష్పత్తి.

టైరు చుట్టుకొలత 3 మీటర్ల నుండి 3.15 మీటర్లకు పెరిగినదనుకొందము. ముల్లు 60 చూపునపుడు బండి 63 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. చక్రము ఒక చుట్టు తిరుగుటకు షాఫ్టు పూర్వము 6 చుట్లు, ఇప్పుడు 5 చుట్లు తిరుగుచున్నచో భేదము ఇంకను హెచ్చు: ముల్లు 50 చూపిన నిజవేగము 60. రెండును మార్చినచో 63 అగును. నిండు బరువుతో పోవు లారీకి ఇది ప్రమాదకరము. కిలోమీటరు లెక్కన బాడుగకు తిప్పువారికి నష్టము కూడ. మీటరు తిరిగిన దూరమును తక్కువగా చూపును.

చక్రముల వద్దనే సెన్సారు గల బండ్లలో ఇరుసు మార్పు ముల్లును మార్చదు. టైరు మార్పు మాత్రము మార్చును.

పరీక్షించు విధము

రద్దీ లేని రోడ్డుపై ముల్లును ఒకే అంకె వద్ద నిలిపి, రెండు కిలోమీటరు రాళ్ల నడుమ పట్టిన సెకన్లను లెక్కించవలెను. గడియారమును డ్రైవరు కాక ప్రక్కవాడు చూడవలెను. 3600ను ఆ సెకన్లతో భాగించిన నిజవేగము వచ్చును. 60 సెకన్లు పట్టిన 60. 57 సెకన్లే పట్టిన సుమారు 63. భేదమున్నచో, కేబులు గల బండిలో స్పీడోమీటరును నడుపు చిన్న పళ్లచక్రమును మార్పించవలెను. ఎలక్ట్రానిక్ మీటరులో క్రొత్త కొలతను నమోదు చేయించవలెను.

ట్రాక్టరుతో మందు చల్లువారికి

ట్రాక్టరుపై గేరువారీగా వ్రాసిన వేగములు కూడ ఒక టైరు కొలతకే సరిపోవును. వెనుక టైర్ల చుట్టుకొలత నూటికి 5 వంతులు పెరిగినచో, అదే గేరులో, అదే ఇంజను వేగమున, ట్రాక్టరు 5 కిలోమీటర్లకు బదులు 5.25 కిలోమీటర్ల వేగముతో పోవును. నాజిలు నుండి నిమిషమునకు వచ్చు ద్రవము మాత్రము మారదు. ఎకరమునకు 200 లీటర్లు పడవలసిన చోట సుమారు 190 లీటర్లే పడును. కలుపు మందు మోతాదు తగ్గును. చిన్న టైర్లు వేసినచో మోతాదు మించి పైరునకు హాని కలుగవచ్చును.

కావున ట్యాంకు సగము నింపి, పొలములోనే 50 మీటర్లు కొలిచి, అది దాటుటకు పట్టు సెకన్లను చూడుడు. 180ని ఆ సెకన్లతో భాగించిన గంటకు కిలోమీటర్లు తెలియును. 36 సెకన్లు పట్టిన వేగము 5. టైరు మార్చినపుడెల్ల ఈ పరీక్ష చేసిన పిదపనే మందు కలుపుడు.