కూర్చునే హక్కు కోసం పోరాడిన వస్త్రదుకాణాల మహిళలు

కోజికోడ్: చీరల షోరూంలో అద్దాల తలుపు తెరుచుకోగానే చేతులు జోడించి స్వాగతం పలికే యువతి అప్పటికి ఎన్ని గంటలుగా నిలబడి ఉన్నదన్న సంగతి కొనుగోలుదారులకు పట్టదు. ఒక్క చీర కోసం వచ్చినవారి ముందు యాభై చీరలు విప్పి పరచడం, వారు పెదవి విరిచి వెళ్లిపోయిన పిమ్మట ఆ యాభైనీ మడత చెడకుండా తిరిగి అరల్లో సర్దడం ఆమె పని. కొనేవారు లేని వేళ కూడా ఆమె కూర్చోరాదు. గోడకు ఆనుకున్నా, తోటి ఉద్యోగినితో రెండు మాటలు మాట్లాడినా జీతంలో కోత పడేదని కేరళ, తమిళనాడు దుకాణాల మహిళలు అనేక సందర్భాల్లో వెల్లడించారు. దొంగతనాల నివారణకని అమర్చిన కెమెరాలు ఎవరు కూర్చున్నారో కనిపెట్టడానికీ ఉపయోగపడ్డాయి.

ఈ దుస్థితిపై తొలి నిరసన కోజికోడ్‌లోని మిఠాయి తెరువులో వినిపించింది. ఎస్.ఎం. స్ట్రీట్‌గా ప్రసిద్ధమైన ఈ బజారులో వందలాది మహిళలు గుమాస్తాలుగా, దర్జీలుగా పనిచేస్తుంటారు. వారు మొదట కోరినది కుర్చీ కాదు, మరుగుదొడ్డి. అనేక దుకాణాలలో ఆ సదుపాయం లేక సమీపంలోని హోటళ్లను ఆశ్రయించవలసి వచ్చేది. ఈ విషయం అడిగితే మంచినీళ్లు తక్కువగా తాగమన్న సలహా ఎదురైందని మహిళలు చెప్పారు. ఉదయం నుంచి రాత్రి వరకు దాహాన్ని అణచుకున్న ఫలితంగా మూత్రకోశ వ్యాధులు, గంటల తరబడి నిలబడిన ఫలితంగా కాళ్ల వాపులు, సిరలు ఉబ్బడం సంక్రమించాయి.

వృత్తిరీత్యా దర్జీ అయిన పి. విజి ఈ మహిళలను కూడగట్టి 2009-10 ప్రాంతంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘాన్ని నెలకొల్పారు. పెద్ద కార్మిక సంఘాలు అంతవరకు ఈ సమస్యను చేపట్టదగినదిగా భావించకపోవడం గమనార్హం. మరుగుదొడ్ల కోసం ఆరంభమైన ఆందోళన క్రమేణా కూర్చునే హక్కు డిమాండుగా రూపొందింది. 2014 డిసెంబరు చివరలో త్రిశ్శూర్‌లోని ఒక పెద్ద చీరల షోరూం ఎదుట ఆరుగురు మహిళా ఉద్యోగులు బైఠాయించారు. యూనియన్‌లో చేరినందుకు తమను దూరప్రాంత శాఖలకు బదిలీ చేశారన్నది వారి ఆరోపణ. నెలల తరబడి సాగిన ఈ 'ఇరిక్కల్ సమరం', అనగా కూర్చునే సమ్మె, పత్రికలలో కంటే సామాజిక మాధ్యమాలలోనే ఎక్కువగా ప్రచారం పొందింది. వస్త్రదుకాణాల ప్రకటనలు పత్రికల మొదటి పేజీలను ఎంతగా ఆక్రమిస్తాయో పాఠకులకు తెలియనిది కాదు.

నిలబడి ఉండటమే మర్యాద అన్న యాజమాన్యాల వాదన మన వర్తక సంప్రదాయానికి చెందినది కాదు. తెలుగు పట్టణాలలోని పాత బట్టల కొట్లలో తెల్లదుప్పటి కప్పిన పరుపుల మీద గుమాస్తా, కొనేవారు ఎదురెదురుగా కూర్చునే బేరం సాగేది. చీరల కుప్ప ఇద్దరి నడుమ పెరుగుతూ ఉండేది. గాజు బల్లలు, అంతస్తులు, ఫ్లోర్ మేనేజర్లతో కూడిన షోరూంలు వచ్చిన తరువాత కొనేవారికి సోఫాలు మిగిలాయి గాని, అమ్మేవారి ఆసనం మాత్రం మాయమయింది. తెల్లవారింది మొదలు నిలబడి సాయంకాలానికి అలసిపోయిన మనిషి చేత, సరిగ్గా రద్దీ పెరిగే ఆ వేళకే ఎక్కువ అమ్మకాలు చేయించాలనుకోవడం ఏ విధమైన నిర్వహణ నైపుణ్యమో యాజమాన్యాలే చెప్పాలి.

చట్టం సంగతి మరింత విచిత్రమైనది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం, నిలబడి పనిచేయవలసిన కార్మికులకు అవకాశం దొరికినప్పుడు కూర్చునేందుకు తగిన ఏర్పాటు ఉండవలసి ఉండేది. అనగా మిల్లులో బట్ట నేసే కార్మికునికి దక్కిన హక్కు ఆ బట్టను అమ్మే గుమాస్తాకు దక్కలేదు. దుకాణాలు రాష్ట్ర చట్టాల పరిధిలో ఉండటమే ఇందుకు కారణం. బ్రిటన్‌లో 1899లోనే దుకాణాల మహిళా ఉద్యోగులు ముగ్గురికి ఒక ఆసనం చొప్పున ఏర్పాటు చేయాలని చట్టం చేశారు. అప్పట్లో మనల్ని పాలించినవారు ఆ చట్టాన్ని మాత్రం ఓడ ఎక్కించలేదు.

చివరకు కేరళ ప్రభుత్వం 2018లో తన 1960 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించి ఉద్యోగులకు ఆసనాలు తప్పనిసరి చేసింది. రాత్రి పూట పనిచేసే మహిళల భద్రతకు, రవాణాకు కూడా నిబంధనలు విధించింది. అదే సంవత్సరం బి.బి.సి. ప్రకటించిన వందమంది మహిళల జాబితాలో విజికి స్థానం లభించింది. తమిళనాడు 2021 సెప్టెంబరులో ఇదే బాట పట్టింది. కార్మికశాఖ మంత్రి సి.వి. గణేశన్ ప్రవేశపెట్టిన బిల్లు ద్వారా 1947 నాటి దుకాణాల చట్టంలో 22-ఎ సెక్షన్ చేరింది. మద్రాసు త్యాగరాయనగర్‌లోని రంగనాథన్ వీధి గుమాస్తాల బతుకులను 2010లోనే వసంతబాలన్ 'అంగాడి తెరు' చిత్రంలో చూపించారు. 'షాపింగ్ మాల్' పేరిట ఆ చిత్రం తెలుగులోకి అనువాదమైంది. అందులో గుమాస్తాగా నటించిన అంజలి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకు చెందిన నటి.

అయితే చట్టం వచ్చినంతనే కుర్చీ రాలేదు. కొన్ని దుకాణాలలో స్టూళ్లు వేసినా, వాటిపై కూర్చుంటే పైవారి కంట పడతామన్న భయం వీడలేదని కేరళలో ఉద్యోగినులు వాపోయారు. రెండు రాష్ట్రాల చట్టాలలోనూ హక్కు పని మధ్య 'అవకాశం దొరికినప్పుడు' కూర్చోవడానికే పరిమితం. ఆ అవకాశం దొరికిందో లేదో ఆచరణలో నిర్ణయించేది ఫ్లోర్ మేనేజరు. ఓణం, దీపావళి, ఆడి తగ్గింపు అమ్మకాల రోజులలో ఆయన దృష్టిలో అట్టి అవకాశమే ఉండదు.

తెలుగు రాష్ట్రాలలోని షోరూం ఉద్యోగులకు ఈ విషయంలో ఆధారం కాగలది, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పార్లమెంటు 2020లో ఆమోదించిన ఈ చట్టం, నిలబడి పనిచేయవలసిన వారికి కూర్చునే ఏర్పాటును యజమాని కల్పించవలసిన సంక్షేమ సౌకర్యాలలో చేర్చింది. పదిమంది, అంతకు మించి పనివారున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. నలుగురైదుగురితో నడిచే వీధి చివరి రెడీమేడ్ దుకాణాలు ఈ లెక్కలోకి రావు.