పాత గేమ్ కీ పోయిందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

గిద్దలూరు నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ వల్ల ఈ ఎపిసోడ్ చేస్తున్నా. వాళ్ళ అన్న బీటెక్ రోజుల్లో వాడిన డెస్క్‌టాప్ ఇంట్లో మూలన పడి ఉంది. అందులో 2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ ఉంది. అన్న ఆడి ఆపేసిన సేవ్ కూడా అందులోనే ఉంది. ఒరిజినల్ డిస్క్ దొరికింది కానీ, కీ ఉన్న కవర్ లేదు. "అన్నా, ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కిద్దామనుకుంటున్నా, కీ కోసం కీజెన్ డౌన్‌లోడ్ చేస్తే సరిపోద్దా?" అని అడిగాడు.

తమ్ముడూ, రెండూ వద్దు. ఎందుకో చెప్తా.

తాళం ఏ రకమో ముందు తెలియాలి

అన్ని గేముల్లో కీ పని ఒకటే కాదు. మామూలుగా మనకు ఎదురయ్యేవి మూడు రకాలు.

మొదటిది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే కీ. మీరు కొట్టిన అక్షరాలు కంపెనీ పెట్టిన లెక్కకి సరిపోయాయా లేదా అని మీ కంప్యూటర్‌లోనే చూసుకుంటుంది. నెట్ అక్కర్లేదు. అంటే కంపెనీ దగ్గర మీ పేరు మీద రికార్డు ఏమీ ఉండదు. అందుకే ఇలాంటి కీ పోతే వెతకాల్సింది ముందు మన ఇంట్లోనే.

రెండోది, అకౌంట్‌కి అతుక్కునే కీ. స్టీమ్ ఇలాంటిదే. కీని ఒక్కసారి అకౌంట్‌లో వేశాక మళ్ళీ దాంతో పని లేదు, గేమ్ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. ఇక్కడ మీరు వెతకాల్సింది కీ కాదు, అప్పట్లో వాడిన మెయిల్ ఐడీ.

మూడోది, డిస్క్ తాళం. కీ కరెక్ట్‌గా ఉన్నా, ఒరిజినల్ డిస్క్ డ్రైవ్‌లో ఉంటేనే గేమ్ ఓపెన్ అవుతుంది. మోస్ట్ వాంటెడ్‌కి మొదటిదీ ఉంది, ఇదీ ఉంది.

కీ ఎక్కడ దాక్కుంటుంది?

గేమ్ ఇన్‌స్టాల్ అయినప్పుడు మీరు కొట్టిన కీని చాలా పాత గేములు విండోస్ రిజిస్ట్రీలో రాసి పెట్టుకుంటాయి. పాత కంప్యూటర్ ఆన్ అవుతుంటే స్టార్ట్‌లో రన్ ఓపెన్ చేసి 'రెజ్‌ఎడిట్' అని ఇంగ్లిష్‌లో కొట్టండి. 'హెచ్‌కీ లోకల్ మెషీన్'లో 'సాఫ్ట్‌వేర్', దాని కింద 'ఎలక్ట్రానిక్ ఆర్ట్స్' చూడండి. ఈఏ వాళ్ళ ఆ కాలం గేముల్లో కీ సాధారణంగా 'ఈఆర్‌జీసీ' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అక్కడ ఏదీ మార్చకండి, డిలీట్ చేయకండి. ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి చాలు. కొన్ని గేములు కీని కోడ్ చేసి దాస్తాయి, అవి ఇలా చదవడానికి రావు.

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోయినా హార్డ్ డిస్క్ బాగుంటే ఆశ ఉంది. దాన్ని బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి కలపండి. పాత డిస్క్‌లో విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డర్లలోకి వెళ్తే 'సాఫ్ట్‌వేర్' అనే ఫైల్ ఉంటుంది. దాన్ని డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకోండి. రెజ్‌ఎడిట్‌లో 'హెచ్‌కీ లోకల్ మెషీన్' సెలెక్ట్ చేసి, ఫైల్ మెనూలో 'లోడ్ హైవ్' కొట్టి ఆ కాపీని తెరవండి. పాత రిజిస్ట్రీలోని 'సాఫ్ట్‌వేర్' భాగం కనిపిస్తుంది. పని అయ్యాక 'అన్‌లోడ్ హైవ్' మర్చిపోకండి.

ఫార్మాట్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమైంది కదా? మన మార్కాపురం పలక మీద రాసింది తుడిచేసినా, వెలుగులో పెడితే గీతలు కొంచెం కనిపిస్తాయి. దాని మీదే కొత్తగా రాసేస్తే ఇక కనిపించవు. హార్డ్ డిస్క్ కూడా అంతే. కొత్త విండోస్ ఎక్కించడమంటే పాత రాత మీద కొత్త రాత రాయడమే.

కీజెన్ జోలికి ఎందుకు వెళ్ళొద్దు?

స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా క్రాకులు, కీజెన్ల ద్వారానే పాకింది. మీ ఫోటోలు, ఫైళ్లు అన్నిటికీ తాళం వేసి 980 డాలర్లు అడుగుతుంది. 72 గంటల్లో కడితే 490 అంటుంది. కట్టినా తాళం తీస్తారన్న గ్యారంటీ లేదు. ఆ డెస్క్‌టాప్‌లోనే అక్క పెళ్ళి ఫోటోలు ఉన్నాయనుకోండి. ఒక గేమ్ కోసం వాటిని పణంగా పెడతామా?

కీ దొరికినా గేమ్ ఓపెన్ కాకపోతే?

ఆ కాలం డిస్కుల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. సెక్యూరిటీకి ప్రమాదమని 2015లో విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలో కూడా ఆపేసింది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్క్ తిరిగినా గేమ్ రాకపోతే తప్పు మీ కీది కాదు. పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌ని నెట్‌కి కలపకుండా, గేముల కోసమే ఉంచుకోండి. లేదంటే మీ గేమ్ గాగ్ లాంటి స్టోర్‌లో ఉందేమో చూడండి. అక్కడ అమ్మే పాత గేములకి ఈ తాళాలు ఉండవు. స్టార్‌క్రాఫ్ట్ అయితే 2017 నుంచి ఫ్రీయే.

ఇంకో మాట. నెట్ సెంటర్లలో మనం చూసిన వైస్ సిటీ, ఐజీఐ సీడీలు చాలావరకు కాపీలే. వాటికి మన పేరున కీ ఎప్పుడూ లేదు, కాబట్టి వెనక్కి తెచ్చుకోవడానికీ ఏమీ లేదు. ఒరిజినల్ కొన్నవాళ్ళకి మాత్రం 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కింద బ్యాకప్ కాపీ చేసుకునే వీలుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది

తమ్ముడూ, మీ అన్న ఆట కీలో లేదు, సేవ్ ఫైల్‌లో ఉంది. మై డాక్యుమెంట్స్‌లో 'ఎన్‌ఎఫ్‌ఎస్ మోస్ట్ వాంటెడ్' ఫోల్డర్ మొత్తాన్ని ఈరోజే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్. కీ రేపు దొరకొచ్చు, కొత్త కాపీ కొనొచ్చు. ఆ సేవ్ మాత్రం ఇంకెక్కడా దొరకదు.

ఇక అందరికీ: ఇంట్లో గేమ్ కవర్లు ఏవైనా మిగిలుంటే ఇప్పుడే కీని ఫోటో తీసి, మెయిల్‌లో మీకు మీరే పంపుకోండి. సబ్జెక్ట్‌లో గేమ్ పేరు రాయండి. సున్నాకి, ఇంగ్లిష్ 'ఓ'కి తేడా తెలిసేలా కింద టైప్ కూడా చేయండి. రెండు నిమిషాల పని.